ఏడడుగుల మనిషి

పొద్దున్నే నూనె డబ్బా పట్టుకుని చెరువుకి బయల్దేరిన గంగబాబుకి గుమ్మంలో భార్య నాగదుర్గ అడ్డం పడింది.

"ఇంట్లో తాలింపుకి చుక్క లేదు. చేపపిల్లలకేమో డబ్బాలకి డబ్బాలు. రేపవి పకోడీలు కూడా అడుగుతాయి."

"అడిగితే వేసిపెట్టు" అన్నాడు గంగబాబు.

కౌలు చెరువులో అతనికిదే తొలి పంట. పిల్లల్ని కూడా ఓ బ్రోకరే తెచ్చి పోశాడు. నెలాఖరుకి పిల్లలు వేలెడు పొడవుంటే ఆలమూరు రైతు మొత్తం పట్టుకెళ్తానన్నాడు. లేకపోతే ఆ బేరం మండపేట వాళ్లకి పోతుంది.

గట్టు మీద బక్కపల్చటి ముసలాయనొకడు సైకిల్ ఆపి నీళ్లలోకి చూస్తున్నాడు.

"కూరకొచ్చేవా? ఇవింకా కూరకి రాలేదు. పులుసు పెడితే చింతపండే మిగులుద్ది" అన్నాడు గంగబాబు.

"కూరక్కాదండీ. తవుడులో నూనె ఎంత కలుపుతున్నారండీ?"

"బస్తాకో డబ్బా. కొవ్వు పడితేనే ఎదుగుదల."

"నూనె కావాలండీ, కానీ కొంచెమే. ఎక్కువైతే పిల్ల మేత మానేస్తదండీ. కొవ్వంతా పొట్టలో పేరుకుంటది. ఒళ్లు ఎదగదు."

గంగబాబు పకపకా నవ్వాడు.

"ఇవి ఎవరి పిల్లలో తెలుసా? కొత్తపేటలో చేపపిల్లల్ని పెంచి అమ్మే దానియేలు గారివి."

"ఆయ్."

"ఆయ్ అంటే చాలదు. ఏడడుగుల మనిషాయన. ఈలేస్తే గోదారి అవతలి చేప ఇవతలకొచ్చి గుడ్లు పెట్టిపోద్ది. వరదలో పిల్లలన్నిటినీ తలపాగాలో పోసుకుని జొన్నాడ దాకా ఈదేడు."

"ఏడడుగులాండీ?" ముసలాయన ముఖం విప్పారింది.

"ఓ అంగుళం ఎక్కువే. ఆయన పిల్లలకి మేత నువ్వు చెబుతావా? గట్టు దిగు."

ముసలాయన దిగాడు. సైకిలెక్కుతూ, "ఇప్పుడాపినా ఎదుగుతాయండీ" అన్నాడు.

ఆ రోజు గంగబాబు అర డబ్బా ఎక్కువే పోశాడు.

నెలాఖరుకి ఆలమూరు రైతు వల వేయించాడు. పొట్టలు లడ్డూల్లా ఉన్నాయి. పొడవు సగం వేలు కూడా లేదు. ఆయన మండపేట దారి పట్టాడు.

మర్నాడే గంగబాబు నాలుగు పిల్లల్ని సంచీలో వేసుకుని, దానియేలుని కడిగేద్దామని కొత్తపేట బస్సెక్కాడు.

తొట్ల దగ్గర ఆయన కూతురు క్రిస్టీనా ఉంది. ఒక పిల్లని కోసి చూపించింది. లోపల వెన్నముద్దలా తెల్లటి కొవ్వు.

"పిల్లలు మంచివేనండీ. నూనె ఎక్కువైంది. ఎవరూ చెప్పలేదా?"

"చెప్పేడండీ, సైకిల్ మీదొచ్చిన ముసలాయనొకడు. కూరకొచ్చేడనుకుని గట్టు దింపేశాను."

క్రిస్టీనా చేతిలో కత్తి ఆగింది. తొట్టి పక్కన గోడకి ఆనించిన సైకిల్ చక్రాల్లో గాలి లేదు.

"మన పిల్లలు ఏ చెరువుకెళ్లినా ఓసారి చూసొచ్చేవారండీ నాన్నగారు" అంది నెమ్మదిగా. "పోయి రెండు వారాలైంది. మంచం మీద కూడా ఒకటే మాట తలుచుకుని నవ్వేరు. ఆయన్ని ఏడడుగుల మనిషిని చేసింది మీరేనా అండీ?"