ఊకొట్టే పిన్ని

మేడమీద ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వెళ్ళినవాళ్ళు వెంటనే కిందికి దిగరు. నీళ్ళ ట్యాంకు నీడన నాలుగు కుర్చీలున్నాయి. మూడు పాతవి. నాలుగోది ఊకొట్టే పిన్ని కోసం టైలరమ్మ ఈ మధ్యే తన కొట్లోంచి మోయించి తెచ్చింది.

పిన్ని అసలు పేరు ఆ మేడలో ఎవరికీ పట్టలేదు. కింది వాటాలో ఒక్కతే ఉంటుంది. పలకరిస్తే నవ్వుతుంది, ఏదైనా చెబితే ఊకొడుతుంది. కూరల బండి దగ్గర కూడా వేలు చూపించి కొనుక్కుంటుంది. మొదట్లో అందరూ పొగరనుకున్నారు. తరవాత, తమ సోదంతా ఇంత శ్రద్ధగా వినే మనిషి ఇంకొకరు దొరకరని తెలిసొచ్చింది. రిటైరైన బస్సు కండక్టరుకైతే ఆవిడంటే ప్రాణం. ఆయన మాటలకి చివరి స్టాపు లేదు మరి.

ఆ కుర్చీ అంటే పిన్నికి ఎంత ఇష్టమో వాళ్ళకి తెలియదు. పొద్దున్నే తలుపులు, కిటికీలు మూసుకుని పేపరు పైకి చదువుకుంటుంది. రోజు మొత్తంలో ఆవిడ నోటినుంచి వచ్చే మాటలు అవే. ఆ తరవాత సాయంత్రం కోసం ఎదురుచూస్తూ కూచుంటుంది. ఉతకాల్సినవేమీ లేకపోయినా ఓ తువ్వాలు తడిపి తెచ్చి ఆరేస్తుంది.

ఇంతకుముందున్న వీధిలోనూ ఇలాగే నలుగురు దొరికారు. అక్కడ నోరు విప్పింది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆవిడ వచ్చి కూచుంటే మాత్రం ఒక్కొక్కరికీ ఏదో పని గుర్తొచ్చి లేచిపోయేవాళ్ళు. చివరికి ఆవిడే ఇల్లు మారింది. ఈ కుర్చీ కూడా పోగొట్టుకుంటే ఇంకో ఇల్లు వెతుక్కునే ఓపిక లేదు.

ఇవాళ ఆ మహాగాయకుడు పోయిన రోజు. ఏటా ఈ తేదీకి రేడియో పొద్దుట్నుంచీ ఆయన పాటలే వేస్తుంది. టైలరమ్మ తన రేడియో పైకి తెచ్చి కుర్చీ పక్కన పెట్టుకుంది. పాట మొదలవగానే పిన్ని తల వంచుకుంది. మడతపెడుతున్న దుప్పటి ఒళ్ళోనే ఉండిపోయింది.

"ఈవిడ కూడా ఒకప్పుడు పాడేదేమో" అన్నాడు మూడో కుర్చీలోని డ్రాయింగు మాస్టారు, కండక్టరు చెవిలో.

"కాదు, ఆయనకి ఏదో చుట్టరికం ఉండుంటుంది" అన్నాడు కండక్టరు.

పాట అయ్యాక కండక్టరు లేచి రేడియో కట్టేశాడు. అంతసేపు నోరుమూసుకుంటే ఆయనకి ఊపిరాడదు.

"కబురు తెలిసినప్పుడు నేను డ్యూటీలో ఉన్నా. టీకొట్టు ముందు బస్సు ఆపాం. కొట్లో రేడియో చెప్పింది. మా డ్రైవరు దిగి ముందు చక్రానికి ఆనుకుని కూలబడిపోయాడు. దిగమని నేను చెప్పలేదు, బస్సంతా దిగిపోయింది. ఆ తరవాత ఒక్క టిక్కెట్టు కొడితే ఒట్టు."

పిన్ని ఊకొట్టింది.

"నేను సెలూన్‌లో ఉన్నా" అన్నాడు మాస్టారు. "ఒక చెంప గీయడం అయింది. అతను కత్తి పక్కన పెట్టేసి, ఇవాళ్టికి నావల్ల కాదు సార్ అన్నాడు. సగం గడ్డంతోనే బడికి వెళ్ళాను. అల్లరి వెధవలు, ఒక్కడంటే ఒక్కడు నవ్వలేదు."

పిన్ని మళ్ళీ ఊకొట్టింది.

టైలరమ్మ నిట్టూర్చింది. "నేను పెళ్ళికూతురి జాకెట్టు కుడుతున్నా. మిషను పక్కనే రేడియో. ఆ వార్తలు చదివినావిడ ఎంత నిబ్బరంగా చెప్పిందో, రాయిలాగా. నేను కుడిచెయ్యి ఎడమకీ, ఎడమచెయ్యి కుడికీ కుట్టేశా. పాపం ఆ పిల్ల అలాగే తొడుక్కుంది. ఆ తరవాత ఆవిడ గొంతు వినబడితే చాలు, ఇంకెవరు పోయారోనని గుండె గుభేలుమనేది. చెయ్యి దానంతటదే వెళ్ళి రేడియో కట్టేసేది."

"అంతకుముందేదో సరిగ్గా కుట్టినట్టు" అన్నాడు కండక్టరు. "నా చొక్కా జేబు ఇప్పటికీ పొట్టమీదే ఉంది."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో టైలరమ్మకి ఏదో వెలితి అనిపించింది.

"ఏం పిన్నీ, ఊకొట్టడం మానేశావు? ఇంతకీ ఆ రోజు నువ్వెక్కడున్నావ్?"

మామూలుగా అయితే పిన్ని నవ్వేసి ఊరుకునేది. కానీ ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆవిడని ఎవరూ అడగలేదు. ఎవరికి వాళ్ళు తామెక్కడున్నారో చెప్పుకున్నవాళ్ళే. ఇప్పుడు ముగ్గురూ తనవంకే చూస్తున్నారు. ట్యాంకు నిండి నీళ్ళు పొర్లిపోతున్నా మోటారు కట్టడానికి ఎవరూ లేవలేదు.

టైలరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని పిన్ని మోకాలి మీద చెయ్యి వేసింది.

"చెప్పు పిన్నీ. మేమేమైనా పరాయివాళ్ళమా?"

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఇలా ఎవరైనా ముట్టుకుని ఎన్నాళ్ళయిందో పిన్నికి గుర్తులేదు. వీళ్ళు ఆ వీధిలోవాళ్ళ లాంటివాళ్ళు కాదనిపించింది. గొంతు సవరించుకుంది.

"నాకూ ఆయన పాటంటే ప్రాణమే" అంది నెమ్మదిగా. "ఆ రోజు తలుపులేసిన గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. ఏడుపు తన్నుకొస్తోంది. ఏడవడానికి వీల్లేదు."

ఆ గొంతు వినగానే టైలరమ్మ చెయ్యి పిన్ని మోకాలి మీంచి దానంతటదే లేచి, కండక్టరు ఎప్పుడో కట్టేసిన రేడియో మీట కోసం తడుముకుంది.