స్క్రూల తలలు బయటివైపు

"స్క్రూల తలలన్నీ బయటివైపే ఉండాలి," అంది ఆ ఇంటి కోడలు. "లోపలివైపు ఒక్కటి కూడా కనబడకూడదు."

అద్దాల ఫిట్టర్ డ్రిల్లు కిందికి దించి నుదుటి చెమట మోచేత్తో తుడుచుకున్నాడు. పొద్దున్నుంచీ ఇదే వరస. ఏ అద్దం ఎత్తినా ఆవిడకో సందేహం. కంటికి కునుకు పట్టి ఎన్నాళ్ళయిందో, ఆవిడ మొహం వడిలిపోయి ఉంది. అతనికా, నడుం విరిగిపోతోంది.

"అమ్మా, తలుపు అద్దానికి స్క్రూలు లోపలి నుంచే వేస్తాం. బయటి నుంచి వేస్తే దొంగ తాపీగా విప్పుకుని వచ్చేస్తాడు."

"బయటంటే వీధి కాదు బాబూ, హాలు. ఈ గదిలో ఉండే మనిషి చేతికి అవి అందకూడదు."

అతను గదిని మరోసారి చూశాడు. ఒక మంచం, గోడలో అలమర, ఒక కిటికీ. మంచం కోళ్ళకు పాత గుడ్డలు మెత్తగా చుట్టి కట్టారు. అతని చూపు దానంతట అదే హాల్లోకి పోయింది. అక్కడ వాలుకుర్చీలో ఆవిడ అత్తగారు ఉతికిన బట్టలు మడత పెడుతూ కూర్చుంది. తలెత్తి చూడటం లేదు.

"ఈ అద్దాన్ని గట్టిగా గుద్దితే ఏమవుతుంది?" అంది కోడలు.

"ఇది రెండు అద్దాల మధ్య పొర పెట్టి అతికించింది. పగుళ్ళు పడతాయి గానీ ఊడి రాదు. అదే కాల్చి గట్టిపరిచిన టఫెన్డ్ అద్దమైతే కలకండ పలుకుల్లా మొత్తం రాలిపోతుంది."

"రాలిపోతే దారి దొరుకుతుంది. అది వద్దు, ఇదే వెయ్యి. చెయ్యి తెగదు కదా?"

"తెగదమ్మా."

తలుపు పైసగంలో అద్దం నిలబెట్టి, చుట్టూ రబ్బరు పట్టీ నొక్కి, హాలువైపు నుంచి ఒక్కొక్క స్క్రూ ఎక్కించాడు. ఆవిడ గడప దగ్గర నుంచి కదల్లేదు.

"చెయ్యి తెగదు కదా?" అంది మళ్ళీ.

"ఇందాకే చెప్పానమ్మా!"

అతని విసురుకు ఆవిడ నొచ్చుకోలేదు. తలూపింది.

కిటికీ దగ్గరికి వచ్చాక సంచిలోంచి వేరే రకం తీశాడు. "వీటిని వన్‌వే స్క్రూలంటారు. ముందుకు తిప్పితే బిగుసుకుంటాయి, వెనక్కి తిప్పబోతే స్క్రూడ్రైవరు జారిపోతుంది. పట్టుకోవడమే గానీ విడిచిపెట్టడం తెలియని జాతి."

నవ్వుతుందేమోనని చూశాడు. నవ్వలేదు.

"అవే వెయ్యి. కిటికీ రెక్క అసలు తెరుచుకోకూడదు. గాలికి పైన వెంటిలేటరుంది."

"రేపెప్పుడైనా తెరవాలనిపిస్తే?"

"అనిపిస్తుంది. అందుకే."

అతని చెయ్యి ఆగిపోయింది. 'అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు గానీ, ఉన్న అత్తను అద్దాల బీరువాలో పెట్టే కోడల్ని ఇప్పుడే చూస్తున్నాను' అనుకున్నాడు.

"లోపలుండే మనిషి దీనికి ఒప్పుకున్నారా అమ్మా?"

"ఇప్పటికైతే ఒప్పుకుంది. రేపు గోల పెట్టొచ్చు, శాపనార్థాలు పెట్టొచ్చు, తలుపు తియ్యమని కాళ్ళావేళ్ళా పడొచ్చు. ఎవరి మనసూ కరగకూడదు." ఆవిడ గొంతులో కోపం లేదు. అరిగిపోయిన గొంతు. "గడియ కూడా హాలువైపే పెట్టు. అద్దం మాత్రం తేటగా ఉండాలి. హాల్లో మనుషులు తిరుగుతుంటే లోపలికి కనబడాలి."

అంత పెద్దావిడను పట్టుకుని 'ఒప్పుకుంది' అనడం అతనికి ముల్లులా గుచ్చుకుంది. స్క్రూలు మళ్ళీ సంచిలో పోశాడు.

"ఇది నా వల్ల కాదమ్మా. నేను అద్దాలు బిగించేవాణ్ణి, జైళ్ళు కట్టేవాణ్ణి కాదు. మా ఇంట్లోనూ పెద్దవాళ్ళున్నారు."

వాదించే సత్తువ కూడా లేనట్టు ఆవిడ గోడకు జారగిలబడింది. "కాసిని మంచినీళ్ళు తాగి ఆలోచించు బాబూ. ఇంకొకర్ని వెతికి, ఇదంతా మళ్ళీ మొదట్నించీ చెప్పే ఓపిక నాకు లేదు," అని వంటింట్లోకి నడిచింది.

ఆవిడ కనుమరుగు కాగానే అతను హాల్లోకి వెళ్ళి వాలుకుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"పెద్దమ్మా, ఈ సంగతి మీ అబ్బాయికి తెలుసా? ఫోన్ నంబరు చెప్పండి, నేను మాట్లాడతాను. మీరేం భయపడకండి."

ముసలావిడ చేతిలోని దుప్పటి ఒళ్ళో పెట్టుకుంది. "తెలుసు. ఆ మంచం మీద పరుపు వాడే మోసుకొచ్చి వేశాడు. వేసి, కళ్ళొత్తుకుంటూ పనికి పోయాడు."

"కన్నకొడుకై ఉండి ఎలా ఒప్పుకున్నాడండీ?"

"నేను కూడా ఒప్పుకున్నాను నాయనా. మతిమరుపు ముదిరి మొన్న రైలు పట్టాల దాకా పోయింది వ్యవహారం. అందరం వెతకలేక చచ్చాం."

అతను ఆవిడను ఎగాదిగా చూశాడు. ఆవిడ చేతులు వణకడం లేదు. చూపు సూటిగా ఉంది.

"మీరు ఇంత చక్కగా మాట్లాడుతున్నారే! మిమ్మల్ని చూసి మతి లేదని ఏ డాక్టరంటాడు?"

వంటింట్లో ఒక అలమర తలుపు తెరిచి మూసిన చప్పుడయింది. ఆ వెంటనే ఇంకొకటి. తరువాత మరొకటి.

"గ్లాసులు కుడిపక్క అరలో ఉన్నాయమ్మా, తొందర్లేదు, నెమ్మదిగా చూడు," అని కేకేసి ముసలావిడ అతని వైపు తిరిగింది. "ఆ గది నాకు కాదు నాయనా. తెలివి ఉండగానే తన గది తనే కట్టించుకుంటోంది, నా కోడలు."