వియ్యపురాలి పుంజు

"కోడి ఈ గడప దాటదు వదినగారూ," అంది హోమకళ, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఆసమాయ వీపు మీది బుట్ట దించలేదు. బుట్టలోంచి ఎర్రటి పుంజు తల బయటపెట్టి ఆ ఇంటినీ, ఆ ఇంటావిడనీ మార్చి మార్చి చూస్తోంది. కూతురు సుంతలి ప్రసవించిందని కబురు అందగానే బయలుదేరి, లోయలోకి దిగి, వేలాడే వంతెన దాటి, మళ్లీ ఇంత ఎత్తు ఎక్కి వచ్చింది ఆమె.

"కోడి పులుసు లేకుండా బాలింత ఎలా లేచి నిలబడుతుంది?"

"మా ఇంట్లో ఆడవాళ్లందరూ లేచి నిలబడినట్టే. నెల తప్పిన దగ్గర్నుంచీ నెయ్యీ పాలూ నా చేత్తో పోశాను. ఇప్పుడు పూటపూటకీ నేతిలో వేయించిన వాము చారు తాగుతోంది మీ అమ్మాయి."

వాము చారుతో పాలు పడతాయేమో కానీ విరిగిన నడుం అతుక్కోదని ఆసమాయ అంది. తమ గురుంగు తెగవాళ్ల ఇళ్లల్లో బాలింతకి కోడి పులుసు పెట్టకపోతే పుట్టింటికే తలవంపులని చెప్పింది. ఈ వంటింట్లో ఇంతవరకూ గుడ్డు కూడా పగల్లేదని హోమకళ అంది. తన భర్త ఊరికి పురోహితుడనీ, కోడి ఉడికిందని తెలిస్తే రేపు ఆయన్ని ఎవరూ పూజకి పిలవరనీ చెప్పింది. ఇద్దరూ గొంతు పెంచలేదు. లోపల బాలింత వింటుందని ఇద్దరికీ తెలుసు.

"మా పిల్లని చేసుకున్నప్పుడు ఏం తింటుందో అడగలేదేం?" అంది చివరికి ఆసమాయ.

"చేసుకున్నది నేను కాదు, మా వాడు. చేసుకొచ్చాక మాత్రం అది మా పిల్ల."

ఆసమాయ బుట్ట గుమ్మం బయటే దించింది. లోపలికి వెళ్లి కూతుర్నీ మనవరాలినీ చూసింది. సుంతలి మొహం వెలవెలబోయి ఉంది. గొడవ పెట్టుకోవద్దని కళ్లతోనే బతిమాలింది. ఆసమాయ బయటికి వచ్చి పుంజుని పశువుల కొట్టం గుంజకి కట్టేసింది. కూతురి కోసం తెచ్చినదాన్ని వెనక్కి మోసుకుపోనని, వండకపోతే ఇక్కడే కూస్తూ పడి ఉంటుందని చెప్పి, మంచినీళ్లయినా తాగకుండా కొండ దిగింది.

పదకొండో నాడు, పురుటి స్నానం రోజున మళ్లీ వచ్చింది. ఈసారి ఒక నిర్ణయం చేసుకునే వచ్చింది. పాపకి పేరు పెట్టగానే తల్లినీ బిడ్డనీ తనతో తీసుకుపోవాలి.

వాకిట్లో హోమం జరుగుతోంది. పురోహితుడు తన మనవరాలికి తానే మంత్రాలు చదువుతున్నాడు. చాపల మీద ఊరి ఆడవాళ్లు కూర్చున్నారు. ఆసమాయ చూపు ముందు కొట్టం గుంజ మీదికే పోయింది. అక్కడ తాడు ముక్క వేలాడుతోంది.

చాప మీద నుంచి ఒక ముసలమ్మ ఆ చూపు కనిపెట్టి, పుంజు ఏమైందని హోమకళని అడిగింది.

"నక్క ఎత్తుకుపోయింది," అంది హోమకళ, విస్తళ్లు సర్దుతూనే. "అవతలి కొండ కోళ్లు కదా, మా కొండ నక్కల సంగతి వాటికేం తెలుసు."

అందరూ నవ్వారు. ఆసమాయ చెవులు వేడెక్కాయి. కూతురు కడుపుతో ఉందని తెలిసిన నాటి నుంచీ చోళ్లు మేపి పెంచిన పుంజు అది. ఎవరి మొహమూ చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

సుంతలి కిటికీ దగ్గర ఎండలో కూర్చుని పాప కాళ్లకి మెంతులు మాడ్చిన ఆవనూనె రాస్తోంది. ఆసమాయ అక్కడే ఆగిపోయింది. కూతురి చెంపలు నిండాయి. నడుం నిటారుగా ఉంది. పాప కడుపునిండా తాగి, పెదవి మీద పాల చుక్కతో నిద్రపోతోంది. వాకిట్లో ఆడవాళ్లు హోమకళ వాము చారుని తెగ మెచ్చుకుంటున్నారు. బిడ్డ బాగుంది, అది చాలు అనుకుంది ఆసమాయ. అయినా తాను ఓడిపోయినట్టే అనిపించింది.

"బట్టలు సర్దుకో. కొన్నాళ్లు మనింట్లో ఉందువుగాని. నోరులేని జీవాన్ని నక్కకి వదిలేసిన ఇల్లు ఇది. నా చేతి పులుసు ఒక్క గుక్కయినా తాగాలి నువ్వు."

సుంతలి ఏదో చెప్పబోయి, గుమ్మం వైపు చూసి నోరు మూసుకుంది.

హోమకళ లోపలికి వచ్చింది. మడమతో తలుపు మూసి గడియ పెట్టింది. శాలువా కింది నుంచి కంచు గిన్నె తీసి కోడలి చేతికిచ్చి మూత తీసింది. అల్లం, తిమూర్ మిరియాల ఘాటు, దాంతోపాటు ఇంకో వాసన గుప్పుమంది. ఆసమాయ తన ముక్కుని తానే నమ్మలేకపోయింది.

"వంటింట్లో కాదులే, కుడితి కాచే పొయ్యి మీద," అంది హోమకళ ఎవరి వైపూ చూడకుండా. "పొగ మీద ఆరబెట్టిన ముక్కల్లో ఇవే ఆఖరివి. తొందరగా తాగు తల్లీ, మీ మామయ్య హోమం దగ్గర్నుంచి లేచేస్తారు."

సుంతలి గటగటా తాగేసింది. హోమకళ ఖాళీ గిన్నె తీసుకుని శాలువాలో దాచుకుంది. గడియ తీయబోతూ ఆగి, మొదటి రోజు గుమ్మానికి అడ్డంగా నిలబడినప్పటిలాగే తలెత్తి వియ్యపురాలి కళ్లలోకి చూసింది.

"నా కోడలు ఎక్కడికీ రాదు వదినగారూ. ఈసారి మీరే రెండు పుంజుల్ని పట్టుకు రండి. నక్కకి ఇప్పుడిప్పుడే వంట పట్టుబడుతోంది."