రెండో దెబ్బ

"ఏమే, కొమ్ములు మొలిచినయా?" వాకిట్లోంచే నవ్వాడు బీరయ్య.

నిన్న కింద పడ్డ తట్ట తీయబోయి మొగుడూపెళ్లాల నుదుళ్లు గుద్దుకున్నాయి. కొమ్ములు రాకుండా రెండోసారి తాకించుకునేలోపే, పటేలు మనుషులు అతన్ని ఎల్లారెడ్డి దాకా మూటలు మోసే వెట్టికి ఈడ్చుకుపోయారు. అప్పటినుంచి సాలవ్వకు తలపోటు తగ్గలేదు, కాలు ఒక్కచోట నిలవలేదు.

"నొప్పికి నిద్ర లేదు. జల్ది రా, ఇంకోసారి తాకిద్దాం."

"నాకు గూడ నీ దెబ్బే ఇంక సలుపుతున్నది," అన్నాడు, తలరుమాలు విప్పకుండానే.

ఆమె రుమాలు లాగింది. నుదురు బాగానే ఉంది. తల వెనక నిమ్మకాయంత బొప్పి, చుట్టూ ఎండిన నెత్తురు.

"గిది నా దెబ్బనా?"

బీరయ్య చూపు తిప్పుకున్నాడు. "మూట దించి జరసేపు కూసున్న. గంతే. దా, తాకియ్యి." నుదురు ముందుకు వంచాడు.

సాలవ్వ వెనక్కి జరిగింది.

"వద్దు. కొమ్ములు మొలవనీ."