ఏడో కాపీ

"ఏడోది దొరికింది ఎడ్నా గారూ! ఇక ఏడవక్కర్లేదు!"

ఆర్నీ కోవాచ్ కౌంటర్ వెనక నుంచే అరిచాడు. ఆక్రన్ ఊళ్ళో పాత రికార్డులమ్మే కొట్టు అతనిది. ఎడ్నా కుంటుకుంటూ లోపలికొచ్చి, తలుపు మూసి, అద్దంలోంచి వీధి రెండు వైపులా చూసుకుని గాని టోపీ తియ్యలేదు.

"ఏదీ, ఇటివ్వు."

"ఆగండి! ఏడాదిన్నర నా చేత వెతికించారు. ఓ నిమిషం ఊరించనివ్వండి."

'సండే బటన్స్' అనే బ్యాండు డెబ్బై రెండులో వేసిన రికార్డు అది. గట్టి గిటార్లు, తేనెలాంటి బాణీలు, మధ్యమధ్య చప్పట్లు. మూడు నిమిషాలు దాటిన పాట ఉంటే ఒట్టు. రికార్డులు బద్దలు కొట్టాల్సిన రికార్డే. కానీ కంపెనీ దివాలా తీసింది, గోదాం కప్పు కూలింది, బద్దలైంది రికార్డులే. చప్పట్లు పాటల్లోనే మిగిలిపోయాయి, బయట ఎవరూ కొట్టలేదు.

మిగిలినవాటిలో ఆరు ఎడ్నాయే కొంది. ఆర్నీకి తెలిసి ఇదే ఆఖరిది.

"ఒకే రికార్డు ఇన్నెందుకండీ? భోజనానికి కంచాలా?"

"నా దగ్గరుంటే ఇంకొకళ్ళు వినరు."

"అబ్బో! ఇంత కుళ్ళుమోతు అభిమానిని నేనెక్కడా చూళ్ళేదు. షికాగోలో ఒకాయన, ఒక్క మంచి కాపీ పంపితే మళ్ళీ కొత్తగా వేస్తానంటున్నాడు. దేశమంతా వింటుంది, తెలుసా?"

ఎడ్నా కౌంటర్ అంచు పట్టుకుంది. "పంపావా?"

"మీకు మాటిచ్చాక ఎలా పంపుతాను? కానీ ఒక్క షరతు. 'కొలీన్' పాట ఇప్పుడే పెడతా. ఇద్దరం విందాం."

"వద్దు."

"అదేంటండీ! అసలు ఆ ప్రేమ చూడండి. కొలీన్ అనే ఆ పిల్ల కిటికీకి పసుపు కర్టెన్. ఫోన్ మూడుసార్లు మోగి ఆగిందంటే చేసింది ఈ పాడేవాడేనని ఆమెకి తెలుసు. చివరికి వాళ్ళ కుక్క కూడా అలవాటుపడి మొరగడం మానేసింది! ఎంత గమనించాడండీ! ముప్పయ్యేళ్ళు కాపురం చేసి మా ఆవిడ కళ్ళ రంగేమిటో నేనింకా చెప్పలేను."

"కుక్క అలవాటుపడలేదు," అంది ఎడ్నా.

"ఆఁ?"

"ఏం లేదు. ఇచ్చెయ్. బస్సుకి టైమైంది."

"అంత పిచ్చి ఉంది కదా, మీ ఇంట్లోనూ పసుపు కర్టెన్లేనా?"

"నీలం. పసుపు నాకు పడదు."

ఆర్నీ నవ్వి, కాగితం సంచీ ముందుకు తోశాడు. "దీని మీద సంతకం కూడా ఉందండోయ్."

"ఎవరిది?"

"పాడినాయనదే, లాయిడ్ ప్రెంటిస్! ఆయన దాచుకున్న సొంత కాపీ ఇది. మొన్న మంగళవారం స్వయంగా వచ్చాడు. తన రికార్డులన్నీ కొంటున్నది ఎవరని అడిగాడు. ఎడ్నా అని ఒకావిడ, ఎడమకాలు కాస్త కుంటుతారని చెప్పా. ఎంత మురిసిపోయాడో! షికాగోకి వద్దు, ఇది ఆవిడకే ఇవ్వమన్నాడు."

ఎడ్నా పెదవులు తెల్లబడ్డాయి. "నా అడ్రసు అడిగాడా?"

"అబ్బే, అడగనే లేదు. ఎంత మర్యాదస్తుడండీ!"

ఆమె ఊపిరి వదిలింది. సంచీ చంకలో పెట్టుకుని తలుపు దాకా వెళ్ళింది.

"ఒక్కటే లోపం," వెనకనుంచి అన్నాడు ఆర్నీ. "పాటలు గుర్తున్నాయి గాని పెద్దాయనకి పేర్లు గుర్తుండట్లేదు. మీ పేరు రెండుసార్లు చెప్పా. అయినా వేరే పేరు రాశాడు."

ఎడ్నా సంచీలోంచి అట్ట సగం పైకి లాగింది. సంతకం పైన ఇలా రాసి ఉంది:

"కొలీన్, నీ కిటికీకి నీలం కన్నా పసుపే బాగుండేది."