ఓడినవాడి మీదే కెమెరా

తొమ్మిదో శనివారం కూడా సింధూరి మ్యాట్ మీద వెల్లకిలా పడింది.

పడగొట్టింది ఎలీనా. వయసులో ఏడాది చిన్న. అవతలి దీవి ఒడ్డున ఉన్న హోప్ టౌన్ నుంచి బోటులో హార్బరు దాటి, డాలీగంజ్‌లో జరిగే ఈ కరాటే క్లాసుకి వస్తుంది. కొట్టడం అయ్యాక చెయ్యందించి లేపి, "సారీ దీదీ" అంటుంది. ఆ సారీ దెబ్బకన్నా ఎక్కువ మండుతుంది.

అయినా సింధూరి ఏడవలేదు. మొదటి శనివారం ఏడ్చినప్పుడే, కరాటే నేర్పే యేసు కుమార్ సార్ వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డారు. సార్‌కి యానిమే పిచ్చి, జపాను బొమ్మల సీరియళ్ళంటే ప్రాణం. సింధూరికీ అదే పిచ్చి. పోయిన గుడిగంటను వెతుక్కుంటూ కొండలూ కోనలూ దాటే కుర్రాడి కథ ఒకటుంది, ఏడు వందల ఎపిసోడ్లది. ఇద్దరూ ఎవరింట్లో వాళ్ళు ఒక్కటీ వదలకుండా చూసినవాళ్ళే.

"ఆ గంట కుర్రాడు మొదటి ఫైటు గెలిచాడా?" అని అడిగారు సార్.

"లేదు సార్. చితక్కొట్టించుకున్నాడు."

"రెండోది?"

"అదీ అంతే."

"మరి ఫైటు అయ్యాక కెమెరా ఎవడి మీద ఆగింది? గెలిచినోడి మీదా? నహీ. గెలిచినోడు దులుపుకుని పోతాడు, ఆడి పేరు కూడా గుర్తుండదు. ఓడినోడు కూర్చుని ఆలోచిస్తాడు. ఫైటు ఉన్నది కొట్టుకోడానికి కాదమ్మాయ్, మనిషి మారడానికి."

ఆ మాట సింధూరికి అన్నంలా ఒంటబట్టింది.

సార్ ఒక పని కూడా అప్పగించారు. ప్రతి పోటీ అయ్యాక ఎలీనా ఎలా కొట్టిందో, కొట్టే ముందు ఏం చేసిందో, ఎక్కడ తడబడిందో నోటుబుక్కులో రాయాలి. తన లోపాలు కూడా దాచకుండా రాయాలి. శనివారం రాసి ఇస్తే సోమవారం దిద్ది ఇస్తారు.

ఎలీనా కంటబడితేనో అని సింధూరి నసిగింది.

"తెలుగులో రాయి. దానికి మాట్లాడ్డమే గానీ చదవడం రాదు. ఇక్కడ పుట్టిన పిల్లలకి ఎంతమందికి వచ్చు? తాళం వేసినట్టే."

నిజమే. తండ్రి భూషణానికి ఈ దీవులకి బదిలీ అయ్యేదాకా సింధూరి శ్రీకాకుళంలో తెలుగు బడిలో చదివింది. ఆ క్లాసు మొత్తంలో తెలుగుని కూడబలుక్కోకుండా చదివేది ఇద్దరే. ఒకరు ఆమె, ఇంకొకరు ఆదివారం చర్చిలో బైబిలు పాఠం గడగడా చదివే సార్.

ఇక రాసింది. గాలం వేసినవాడు నీళ్ళను చూసినట్టు ఎలీనాను చూసింది. తన్నబోయే ముందు ఎడమ మడమ నేలకి ఆనిస్తుంది. గుద్దబోయే ముందు ఊపిరి బిగబడుతుంది. అలిసిపోతే కుడి చెయ్యి కిందికి జారుతుంది. నాలుగో వారం, ఇంట్లో అమ్మకైనా చెప్పని సంగతి కూడా రాసింది. నా కుడి మోకాలు పట్టు తప్పుతోంది, దాని మీద గిర్రున తిరిగితే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి.

సార్ దాని కింద ఎర్రసిరాతో గీత గీసి, 'షాబాష్, నిజం రాశావు' అని రాశారు.

పదో శనివారం ఎంపిక. ద్వీపాలన్నిటి నుంచీ వాళ్ళ బరువు తరగతిలో జాతీయ పోటీలకి విశాఖ ఓడ ఎక్కేది ఒక్కరే. ఈసారి పేరు రాకపోతే కరాటే బంద్ అని భూషణం తేల్చి చెప్పేశాడు. వారం వారం ఒళ్ళంతా కమిలి ఇంటికొచ్చే కూతుర్ని చూడలేక ఆయన ఆ మాటకి వచ్చాడు.

సింధూరికి మాత్రం భయం లేదు. గెలుపు రుచి చూడ్డానికి గంట కుర్రాడికి ఏడు ఓటములే పట్టాయి. తన దగ్గర తొమ్మిదున్నాయి.

ఫైనల్లో అటు ఎలీనా, ఇటు ఆమె. మొదటి పాయింటు ఎలీనాది. రెండోది సింధూరిది. ఆఖరి అర నిమిషానికి ఇద్దరూ సమానం.

ఎలీనా కుడి చెయ్యి కిందికి జారింది. ఎడమ మడమ నేలకి ఆనింది. పుస్తకంలో రాసుకున్నట్టే, పొల్లు పోకుండా. ఇదే అదును అనుకుంది సింధూరి. ఒళ్ళంతా ఒక్క పిడికిలి చేసుకుని దూకింది.

తన్ను రాలేదు. మడమ ఊరికే ఆనింది. ఎలీనా నీడలా ఆమె కుడివైపుకి జరిగింది. సింధూరికి తిరగక తప్పలేదు. కుడి మోకాలి మీదే తిరిగింది. లోపల ఏదో ఎండుపుల్లలా పుటుక్కుమంది. ఎలీనా కాలు పక్కటెముకలకి తగిలే వేళకి ఆమె అప్పటికే కూలిపోతోంది.

రెఫరీ చెయ్యి ఎలీనా వైపు లేచింది. హాల్లోని ఫోన్లన్నీ ఆ పిల్ల చుట్టూ మూగాయి. సార్ చప్పట్లు కొడుతూ అటే పరుగెత్తారు.

సింధూరిని ఇద్దరు మోసుకొచ్చి గోడవారన కూర్చోబెట్టారు. మోకాలు కొబ్బరిబోండంలా ఉబ్బింది. మళ్ళీ ఈ కాలితో మ్యాట్ ఎక్కడం కష్టమని ఎవరో డాక్టరు పక్కకి తిరిగి చెబుతున్నాడు. ఆమె వినిపించుకోలేదు. ఓడినవాడు కూర్చుని ఆలోచించాలి. తొమ్మిది వారాలుగా లేని ఆ దొంగ మడమ ఎలీనాకి ఎక్కణ్ణుంచి వచ్చింది? పళ్ళ బిగువున నొప్పి ఆపుకుని, సంచీలోంచి నోటుబుక్కు తీసింది. పదో ఓటమి రాసి సార్‌కి ఇవ్వాలి.

సార్ ఇటు రాలేదు. ఎలీనా వచ్చింది. కళ్ళనిండా నీళ్ళతో ఎదురుగా మోకరిల్లి, నోటుబుక్కుతో సహా ఆమె చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నీ మేలు మర్చిపోను దీదీ, నాకు తెలుగు చదవడం రాదని సారే ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఇది చదివి వినిపించేవారు, నువ్వు నా కోసమే రాస్తున్నావని చెప్పారు."