తెల్ల టోపీ

“యూనియనంటే ఏంటనుకున్నారు? కమ్యూనిజానికి పెట్టిన ముద్దుపేరు!” అన్నాడు డెల్బర్ట్, సాసేజ్ శాండ్‌విచ్ గాల్లో ఊపుతూ.

భోజనాల గది గొల్లుమంది. ఎదురుగా కూర్చున్న గ్లెండాకు మాత్రం ఒళ్ళు మండింది. విస్కాన్సిన్‌లోని ఆ పిజ్జాల ఫ్యాక్టరీలో యూనియన్ పెట్టించాలని ఎనిమిది నెలలుగా కాళ్ళరిగేలా తిరుగుతున్నది ఆమే. శుక్రవారం ఓటింగు. ఈ రోజు మంగళవారం.

“మరి బెల్టు వేగం పెంచేశారని రోజూ నా ప్రాణం తోడేస్తావే, అదేంటి సెనేటరు గారూ?”

“అది రాజకీయం కాదు కామ్రేడ్. అది మోకాలు.”

“ఎనిమిది గంటలు నిలబెడతారు, కూలబడ్డానికి ఒక స్టూలైనా ఇవ్వరు అని ఏడుస్తావే?”

“అదీ మోకాలే. మోకాలికి పార్టీ ఉండదు.”

గ్లెండా అతని ముందుకు ఒక కాగితం తోసింది. “నమూనా బ్యాలెట్. ఉన్నవి రెండే గళ్ళు. ‘అవును’ దగ్గర ఇంటూ పెడితే నీ చెయ్యేం పడిపోదు.”

“ఎవరికి ఓటేశానో పోయిన మా ఆవిడక్కూడా ఏనాడూ చెప్పలేదు నేను. నోరు ఊరందరిదీ, ఓటు నా ఒక్కడిదీ,” అంటూ డెల్బర్ట్ ఆ కాగితాన్ని మడిచి తన భోజనం డబ్బాలో పడేసుకున్నాడు. “రేపు సాసేజ్ చుట్టుకోవడానికి పనికొస్తుందిలే.”

గది మళ్ళీ గొల్లుమంది.

ఇంతా చేసి ఇద్దరూ పనికి వచ్చేదీ పోయేదీ డెల్బర్ట్ పికప్ బండిలోనే. పదకొండేళ్ళుగా దారి పొడుగునా పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఒక్క రోజు కూడా బండి ఆపి దింపేసింది లేదు.

ఆ సాయంత్రం గ్లెండా వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. మొత్తం డెబ్భై నాలుగు ఓట్లు. ఇటు ముప్పై ఏడు. డెల్బర్ట్‌తో కలిపి అటూ ముప్పై ఏడు. సమానంగా వస్తే యూనియన్ ఓడినట్టే. ఓడితే మళ్ళీ ఏడాది దాకా ఎన్నిక ఉండదు. పిజ్జాల మీద చీజ్ చల్లీ చల్లీ వాచిపోయిన ఆమె మణికట్లు ఏడాది ఆగేలా లేవు. ఇటు ఒక్క ఓటు పెరిగే ఆశ లేదు కాబట్టి అటే ఒకటి తగ్గాలి.

ఎలా తగ్గించాలో రాత్రి నిద్రపోయేలోపు తట్టింది. ఈ ఎన్నికలో సూపర్‌వైజర్లకు ఓటుండదు.

బుధవారం పొద్దున, కొత్తగా వచ్చిన మేనేజర్ ప్రెస్టన్ కాఫీ మిషను దగ్గర దొరికాడు.

“మీకు థాంక్స్ చెప్పాలి,” అంది గ్లెండా.

“నాకా? దేనికి?” అన్నాడు ప్రెస్టన్ అనుమానంగా.

“డెల్బర్ట్‌ను ఇంకా మాలాగే నీలం టోపీలోనే ఉంచినందుకు. ఆ మాటకారి నెత్తిన సూపర్‌వైజర్ తెల్ల టోపీ గనక పెట్టి ఉంటే, మావాళ్ళు సగం మంది అటు దూకేవాళ్ళు. బతికించారు!”

ప్రెస్టన్ కాఫీ తాగడం మర్చిపోయాడు. ఓటింగు అయ్యేదాకా చెయ్యకూడని పనులని కంపెనీ వకీలు అతనికి రెండు పేజీలు రాసిచ్చాడు. ఇంత తెలివితక్కువ పని ఎవరూ చెయ్యరనుకున్నాడేమో, ఇది మాత్రం అందులో రాయలేదు. మధ్యాహ్నానికల్లా డెల్బర్ట్ నెత్తి మీద తెల్ల టోపీ ఉంది.

“ఇరవై ఆరేళ్ళకు కళ్ళు తెరిచారు,” అన్నాడు డెల్బర్ట్, ఇంటికి వెళ్తూ బండి అద్దంలో టోపీ సర్దుకుని. “స్టూలు కూడా ఇచ్చారు. నా ఒక్కడికే.”

“అదృష్టవంతుడివి.”

“ఊఁ.”

తరవాత దారంతా అతను ఏ పార్టీనీ తిట్టలేదు. గ్లెండాకు మనసు చివుక్కుమంది. గెలిస్తే అందరికీ స్టూళ్ళొస్తాయి కదా అని సర్దిచెప్పుకుంది.

శుక్రవారం భోజనాల గదిలోనే ఓటింగు పెట్టారు. లేబర్ బోర్డు అధికారిణి పక్కన యూనియన్ తరఫున గ్లెండా కూర్చుంది. వరసలో డెల్బర్ట్ వంతు రాగానే గ్లెండా గొంతు సవరించుకుంది.

“ఈయన సూపర్‌వైజరండీ. ఓటు లేదు.”

“ఎప్పట్నుంచి?” అంది అధికారిణి టోపీ కేసి చూస్తూ.

“మొన్న బుధవారం నుంచి,” అన్నాడు డెల్బర్ట్.

“అయితే మీరు ఓటెయ్యడానికి లేదు.”

డెల్బర్ట్ నోరు తెరిచాడు. గ్లెండా వంక చూసి మూసుకున్నాడు. కుంటుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

గ్లెండా సంబరం గంట కూడా నిలవలేదు. ఆమె పక్కనే చీజ్ చల్లే ట్రీనా, అచ్చంగా యూనియన్ ఓటు, పొద్దున్నే పురిటినొప్పులతో ఆస్పత్రికి వెళ్ళిందని కబురొచ్చింది.

సాయంత్రం అధికారిణి లెక్క చదివింది. అవునన్నవాళ్ళు ముప్పై ఆరు. కాదన్నవాళ్ళు ముప్పై ఆరు. ప్రెస్టన్ చప్పట్లు కొట్టాడు.

బండి ఎక్కగానే గ్లెండాకు ఏడుపు ఆగలేదు.

“ఏడాది, డెల్బర్టూ! ఇంకో ఏడాది ఈ చేతులతో ఎలా చెయ్యను?” అని ముక్కు ఎగబీల్చి, ఇక దాచలేక చెప్పేసింది. “ఆ టోపీ నీ గొప్ప చూసి పెట్టింది కాదు. నీ ఓటు పోగొట్టాలని నేనే ప్రెస్టన్‌ను ఎగేశాను. దింపేస్తానంటే దింపెయ్యి.”

డెల్బర్ట్ బండి ఆపలేదు. తెల్ల టోపీ తీసి ఇద్దరి మధ్యా సీటు మీద పెట్టాడు.

“నా డబ్బాలో రుమాలుంటుంది. కళ్ళు తుడుచుకో కామ్రేడ్,” అన్నాడు.

ఆమె డబ్బా తెరిచి రుమాలు తీసింది. దాని కింద మంగళవారం నాటి నమూనా బ్యాలెట్, నూనె మరకైనా అంటకుండా, మడత పెట్టి ఉంది. విప్పి చూసింది.

‘అవును’ గడిలో పెద్ద ఇంటూ ఉంది.